చెక్క జారింది

నవంబర్ 10, ఆదివారం

చిక్కడపల్లిలో మళ్లీ నా పరువు పోయింది. ఉమాకాంత్ గారి మేడమీద గదిలో నెలకు రెండు ఆదివారాలు కథలు చదువుకుంటాం. తొమ్మిది మందిమి, రెండు బెంచీలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ. కుర్చీ ఆయనది. నేను నా హాస్టల్ పిల్ల కథ చదివాను. అయిపోయాక ఇద్దరు గడియారం చూసుకున్నారు. అప్పుడే నాకు అర్థం కావాల్సింది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, "స్నేహలతా, నీ కథలల్ల గది ఉంటది, మంచం ఉంటది, కరెంట్ అఫైర్స్ పుస్తకం ఉంటది. బతుకు ఉండదమ్మా" అన్నారు.

బతుకు ఎక్కడినుంచి తేవాలి? అశోక్‌నగర్ వచ్చి ఎనిమిదేళ్లు. ఇరవై మూడేళ్లప్పుడు పెట్టె పట్టుకుని దిగాను, ఇప్పుడు ముప్పై ఒకటి. రాసిన ఉద్యోగ పరీక్షలన్నీ రెండు మార్కులతోనో నాలుగు మార్కులతోనో పోయాయి. ప్రస్తుతం ఒక కోచింగ్ సెంటర్‌కు బిట్లు తయారుచేసి, ప్రూఫులు దిద్ది బతుకుతున్నాను. ప్రేమించలేదు, పెళ్లి చేసుకోలేదు, ఎవరి చావూ దగ్గరనుంచి చూడలేదు. మా నాయనమ్మ పోయిన రోజు కూడా నాకు పరీక్షే. అనుభవం కోసం ఇప్పుడు నేనేం చేయాలి, క్రాస్‌రోడ్స్‌లో బస్సుకు అడ్డం పడాలా?

ఒళ్లు మండిపోతోంది. ఆయన చెప్పింది నిజం కాబట్టి ఇంకా ఎక్కువ మండుతోంది.

నవంబర్ 14

సాయంత్రం టీ కోసం కిందికి పోతే మా హాస్టల్ వంటగదిలో వంటమనిషి పెంటమ్మక్క ఒక్కతే చపాతీలు ఒత్తుతోంది. పీట లాక్కుని ఊరికే కూర్చున్నాను. నిజంగానే ఊరికే.

ఆమె భర్త ఈదయ్య పోయి నాలుగు నెలలు. సెంట్రింగ్ పని చేసేవాడు. రాంనగర్ వైపు కడుతున్న అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు నుంచి పడ్డాడు. ఇంతవరకు హాస్టల్లో అందరికీ తెలుసు. మిగతాది నాకొక్కదానికే చెప్పింది. నేను అడిగితేనే చెప్పింది.

"ఆ దినం పొద్దుగాల సద్ది కట్టిచ్చిన. మూత సొట్టవోయిన డబ్బ ఉంటది గద, గండ్ల. పోయిండు. గల్లీ మలుపు దాక పోయి మళ్ల వచ్చిండు. ఏందయ్యా అన్న. దూప అయితుంది అన్నడు. కుండల నీళ్లు ముంచుకొని నిలబడే తాగిండు. ఆకుపచ్చ గీతల తువ్వాలతోని మూతి తుడుసుకుండు. పోయిండు. గంతే బిడ్డా."

"తర్వాత?"

"తర్వాతేముంది. కాళ్ల కింది చెక్క జారిందంట. పక్కన ఎవ్వలు లేరంట."

చెప్తున్నంతసేపూ చేతులు ఆగలేదు. ఒక్క చపాతీ కూడా వంకర పోలేదు.

నవంబర్ 15

నిన్న ఆమె చెప్పిందంతా నోట్‌బుక్‌లో రాసిపెట్టాను. వాడుకోవడానికి కాదు.

నవంబర్ 22

సరిత వచ్చింది. పెంటమ్మక్క కూతురు, ఇంటర్ రెండో ఏడు. కాలేజీ నుంచి నేరుగా హాస్టల్‌కు వచ్చి అమ్మ పని అయ్యేదాకా నా గదిలో కూర్చుంటుంది. నేను ఇంగ్లిష్ గ్రామర్ చెప్తాను. ఒక్క సంగతి కూడా రెండుసార్లు చెప్పించుకోదు.

ఈరోజు వాక్యాలిస్తే పెన్ను పట్టుకుని అలాగే కూర్చుంది. ఏమైందని అడిగితే ఏడ్చేసింది. రేపు కాలేజీలో పేరెంట్స్ మీటింగట. జూలైలో ఇలాంటి మీటింగ్‌కే వాళ్ల నాయిన పని మధ్యలోంచి పరుగెత్తుకొచ్చాడట. జుట్టు నిండా సిమెంటు, కాళ్లకు చెప్పుల్లేవు. పిల్లలు నవ్వారు.

"ఇంటికి వచ్చినంక అన్న అక్కా. మళ్ల మా కాలేజ్‌కు రాకు, నా ఇజ్జత్ పోతది అన్న. ఏమనలే. తెల్లారి పనికి పోయిండు. మళ్ల వాపస్ వచ్చిండు నీళ్లకు. నేను మేల్కొనే ఉన్న. దుప్పటి కప్పుకొని పండుకున్నట్టు చేసిన. జరసేపు నా దిక్కే చూసుకుంట నిలబడ్డడు. గదే లాస్టు."

"అమ్మకు తెల్సా?"

"నేనన్న మాట తెల్వది. అప్పుడు అమ్మ ఇక్కడ డ్యూటీల ఉండె. చెప్పకు అక్కా."

తల మీద చెయ్యేసి చెప్పనన్నాను.

నవంబర్ 23

ఆయన నీళ్ల కోసం రాలేదు.

తల్లికి నీళ్ల సంగతి తెలుసు. కూతురికి తానన్న మాట తెలుసు. రెండూ కలిపి తెలిసింది నా ఒక్కదానికే. ఈరోజు ప్రూఫుల్లో మూడు తప్పులు వదిలేశాను, సెంటర్ వాళ్లు ఫోన్ చేసి చీవాట్లు పెట్టారు. పట్టించుకోలేదు. ఎనిమిదేళ్లలో మొదటిసారి నా చేతికి ఏదో దొరికింది. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ సంతోషంగానే ఉంది.

డిసెంబర్ 1, ఆదివారం

కథ చదివాను. ఈసారి వెనక బెంచీలో ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు.

ఉమాకాంత్ గారు కుర్చీలో ముందుకు జరిగారు. "గిదీ బతుకంటే. కాని ముగింపు తేలిపోయింది. చెక్క జారింది అంటివి. చెక్క జారితే పేపరోళ్లు రాసుకుంటరు, నువ్వెందుకు? కూతురు గంత మాట అన్నంక, మనిషి వాపస్ వచ్చి బిడ్డను చూసినంక, చెక్క జారుడేంది?"

"జారిందే నిజం సార్."

"నువ్వు చూసినవా?"

"లేదు."

"ఎవరన్న చూసిండ్రా?"

"లేదు సార్."

"అయితే అక్కడ ఎవరి అనుభవం లేదు. అక్కడ ఊహించకుంటే ఇంకెక్కడ ఊహిస్తవమ్మా? పేర్లు మార్చు. వస్తువులు మాత్రం ముట్టుకోకు. డబ్బా, తువ్వాల, కుండ, అన్నీ అట్లనే ఉండాలె. అవి ఉంటేనే మిగిలింది పాఠకుడు నమ్ముతడు."

అందరూ పుస్తకాలు తీసి ఆ మాట రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను.

డిసెంబర్ 4

చెక్క జారింది. ఇలాగే ఉంచుతాను.

డిసెంబర్ 7

ఉంచలేదు.

నాలుగో అంతస్తు అంచున ఆయనను మూడు పేజీలు నిలబెట్టాను. కింద ఇసుక కుప్ప. దూరంగా కూతురి కాలేజీ గోడ. చెవిలో "రాకు" అన్న మాట. ఆకుపచ్చ గీతల తువ్వాలను జాగ్రత్తగా మడిచి ఇటుకల మీద పెట్టి దూకాడు. రాస్తూ వెక్కి వెక్కి ఏడ్చాను. ఒక్కసారి కూడా చూడని మనిషి మనసులో ఏముందో నాకంత స్పష్టంగా ఎలా తెలిసిందో! ఎనిమిదేళ్లు గదిలో కూర్చున్నదానికి ఊహ ఇలా పనికొస్తుందని ఎవరనుకున్నారు.

ఈదయ్యను రాములయ్య చేశాను. సరితను సునీత చేశాను. బస్తీ పేరు తీసేశాను. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఇది కల్పన.

జనవరి 19, ఆదివారం

అచ్చయింది! ఆదివారం అనుబంధంలో రెండు పేజీలు, బొమ్మతో సహా. పదకొండు ఫోన్లు. "ఇప్పుడు రచయిత్రివి అయినవమ్మా" అన్నారు ఉమాకాంత్ గారు. నా రూమ్మేట్ సంజన పేపర్ కత్తిరించి డైనింగ్ హాల్లో బోర్డు మీద మెస్ టైమింగ్స్ పక్కన పిన్నులు గుచ్చింది. నేను వచ్చేసరికే ఆ పని అయిపోయింది.

పెంటమ్మక్క చేతులు కడుక్కుని వచ్చి నా పేరు ఎక్కడుందో చూపించమంది. చూపించాను. ఆమెకు చదువు రాదు. ఆ అక్షరాల మీద వేలు పెట్టి, "మంచిగుంది బిడ్డా" అంది.

సంజన నన్ను పక్కకు పిలిచి, "ఇది పెంటమ్మక్క ముచ్చటే కదా?" అని అడిగింది. ఇంత పెద్ద ఊళ్లో ఇలాంటివి ఎన్ని జరగవు అన్నాను.

జనవరి 20

బోర్డు మీద కాగితం తీసేద్దామనుకున్నాను. తీస్తేనే అనుమానం వస్తుంది. ఉండనీ.

జనవరి 22

కాగితం లేదు. నాలుగు పిన్నులూ బోర్డుకే ఉన్నాయి. ఎక్కడా చిరగకుండా తీశారు. ఎవరో ఓర్వలేక తీశారని సంజన గొడవ. నాకూ అలాగే అనిపిస్తోంది.

సరిత ఈరోజు రాలేదు. జలుబేమో.

జనవరి 23

రాలేదు.

జనవరి 24

రాలేదు. కాలేజీలో ప్రత్యేక తరగతులు పెట్టి ఉంటారు.

జనవరి 29

పెంటమ్మక్క పైకి నా గదికి వచ్చింది. ఎప్పుడూ రాదు.

"బిడ్డా, మా పిల్ల కాలేజ్‌కు పోతలేదు. అన్నం ముందట పెట్టుకొని కూసుంటది, తినది. ఏమన్న అంటే గోడ దిక్కు తిరుగుతది. మార్చిల పరీక్షలాయె. రాయనంటుంది. నాకు పరేషాన్ అయితుంది. నీ మాట ఇంటది, జర అడుగు."

అడుగుతానన్నాను. అప్పుడే ఆమెకు చెప్పేయాల్సింది. సంజన గదిలో ఉంది కాబట్టి చెప్పలేదు. సంజన లేకపోయినా చెప్పేదాన్ని కాదు.

జనవరి 31

పెంటమ్మక్క హాస్టల్లో ఉండే సమయం చూసుకుని రాంనగర్‌లో వాళ్లింటికి వెళ్లాను. రేకుల గది. సరిత మంచం మీద ఉంది. పది రోజుల్లో మొహం పీక్కుపోయింది. లేచి కుర్చీ వేసింది. తర్వాత దిండు కిందినుంచి ఆ కాగితం తీసి నా ముందు పెట్టింది.

"అమ్మ నీకు చెప్పింది గద అక్కా."

"ఏం చెప్పింది?"

"నాయిన దుంకిండని. నాకు దాచి నీకు చెప్పింది."

"లేదు సరితా. చెక్క జారిందనే చెప్పింది. దుంకుడు నేను ఊహించి రాసిన. కథ గద."

"సొట్ట డబ్బ ఊహించినవా?"

"లేదు. అది అమ్మ చెప్పింది."

"నీళ్లకు వాపస్ వచ్చింది?"

"అదీ అమ్మనే."

"ఇజ్జత్ పోతదని నేనన్నది?"

తల దించుకున్నాను. ఆ పిల్ల తల మీదే చెయ్యేసి మాటిచ్చాను.

"తువ్వాల మడత పెట్టి ఇటుకల మీద పెట్టిండని రాసినవ్. పోలీసోళ్లు తువ్వాల మా చేతికి ఇచ్చినప్పుడు మడత పెట్టే ఉండె. గది నీకు ఎవలు చెప్పిండ్రు?"

ఎవరూ చెప్పలేదు. నాకు తోచింది, రాశాను. పోలీసులు ఎవరికైనా మడత పెట్టే ఇస్తారు, అదే అన్నాను. ఆ పిల్ల కళ్లలో నమ్మకం రాలేదు.

"అన్ని నిజమే రాసి, గదొక్కటే అబద్ధం ఎందుకు రాస్తవ్ అక్కా?"

"ముగింపు... ముగింపు బలంగ లేదన్నరు."

అనేశాక నా మాట నాకే వినబడింది. సరిత నన్ను తిడితే బాగుండేది. కాగితం మడిచి దిండు కింద పెట్టుకుని, "నేను రాకు అన్నందుకే పోయిండు" అంది. నాతో అన్నట్టు లేదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

అశోక్‌నగర్ దాకా నడిచి వచ్చాను. ఆటో ఎక్కాలని కూడా తోచలేదు.

ఫిబ్రవరి 2, ఆదివారం

మీటింగ్ అయ్యాక ఉమాకాంత్ గారికి చెప్పాను. కథ చదివి ఒక పిల్ల తిండి మానేసిందన్నాను. ఎవరో చెప్పలేదు.

"అంటే ఎక్కడ తగలాల్నో అక్కడ తగిలింది" అన్నారు. నా మొహం చూసి సర్దుకున్నారు. "అది కల్పన అని ఆ పిల్లకు చెప్పరాదు?"

"చెప్పిన సార్. నమ్ముతలేదు."

"మరి నువ్వు గంత మంచిగ రాసినవ్."

ఆ మాటకు ఆయన చెంప పగలగొట్టాలనిపించింది. కొట్టలేదు, ఆయన పోసిన టీ తాగాను. ఆ కోపానికి ముందు, ఒక్క క్షణం, నాకు గర్వం కలిగింది. ఇది ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడా రాయను.

ఫిబ్రవరి 6

చూసినవాళ్లు ఎవరైనా దొరికితే సరిత ముందు నిలబెట్టొచ్చు. ఆ ఆశతో ఆ అపార్ట్‌మెంట్‌కు వెళ్లాను. పని అయిపోయింది. రంగులు వేశారు, నాలుగో అంతస్తులో ఎవరో చీరలు ఆరేసుకున్నారు. ఈదయ్యతో పనిచేసిన బీరయ్య పక్క వీధిలో ఇంకో బిల్డింగ్‌లో దొరికాడు.

"నేను చూడలే అక్కా. కింద ఇసుక జల్లెడ పడుతున్న. సప్పుడు ఇన్న. ఉరికిన. చెక్క కూడ పక్కనే పడి ఉండె."

"అయితే చెక్క జారినట్టే కదా?"

"జారినట్టే. మనిషి దుంకితే కూడ చెక్క పడతది గద." అని ఆగి నా మొహం చూశాడు. "ఎందుకడుగుతున్నవ్? ఎవలన్న ఏమన్న అన్నరా?"

ఏం లేదన్నాను. ఇప్పుడు ఆయన మనసులో కూడా ఆ అనుమానం పడింది. నేను వెళ్లకముందు ఆ మాట ఆయన ఎన్నడూ అనుకొని ఉండడు.

నేను రాసింది తప్పని నిరూపించడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. నా దగ్గరా లేదు. చెక్క జారింది. చెక్క జారింది. చెక్క జారింది. నాకు కూడా అది ఇప్పుడు వట్టి మాటలా వినిపిస్తోంది.

ఫిబ్రవరి 10

పెంటమ్మక్కకు చెప్పేద్దామని వంటగదికి వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే ఆమె అడిగింది.

"బిడ్డా, మా పిల్ల దిండు కింద నీ పేరున్న కాగితం ఉంది. మా ఆయన ముచ్చటేనా అది?"

"అవును పెంటమ్మక్కా."

"గందుకే ఏడుస్తుందన్నట్టు. నాయిన యాదికొచ్చి." చేతికున్న పిండి దులుపుకుంది. కోపం లేదు ఆమె మొహంలో. "చెక్క జారిందనే రాసినవ్ గద? కొందరు తాగి పడ్డడని అన్నరు అప్పట్ల. ఆయన తాగడు."

"జారిందనే రాసిన."

"ఆదివారం మా ఇంటికి వచ్చి నాకు సదివి ఇనిపియ్యి. పిల్ల కూడ ఇంటది. మనసు జర తేలికైతదేమో."

సరేనన్నాను. నాకు ఇంత సులువుగా అబద్ధం వస్తుందని తెలియదు.

ఫిబ్రవరి 15

కొత్త ముగింపు రాశాను. చెక్క జారుతుంది. అంతకుముందు ఆయన కూతురి గురించి అనుకుంటాడు, మంచిగా చదువుతుంది, ఏదో ఒకరోజు ఆఫీసర్ అవుతుంది అని. కాలేజీ మాట తీసేశాను. తడబడకుండా రావాలని పదిసార్లు పైకి చదివి బట్టీ పట్టాను. ఇది అబద్ధం కాదు. నేను మొదట రాసింది ఇదే.

ఫిబ్రవరి 16, ఆదివారం

మధ్యాహ్నం వెళ్లాను. పెంటమ్మక్క కొత్త చీర కట్టుకుని చాప మీద కూర్చుంది. సరిత మంచం మీద, గోడ వైపు తిరిగి.

నా దగ్గరున్న పేపర్ తెరిచి చదివాను. సొట్ట డబ్బా దగ్గర పెంటమ్మక్క "అవ్, గదే డబ్బ" అంది. తువ్వాలు దగ్గర కొంగు నోట్లో కుక్కుకుంది. కాలేజీ మీటింగ్ దాటేశాను. నాలుగో అంతస్తుకు వచ్చాను. కళ్లు అచ్చు మీదే పెట్టి బట్టీ పట్టింది చెప్పాను. చెక్క జారింది.

"గదే! నేను చెప్పలే? జారిండు" అని ఆమె ఏడుస్తూనే నవ్వింది. నాలుగు నెలలుగా, కాదు ఏడు నెలలుగా, ఆమె ఇలా ఏడవలేదనుకుంటాను. "నా మొగడు తాగలే, ఏం చెయ్యలే. పని చేసుకుంట పోయిండు. పేపర్ల అచ్చు అయింది గద, ఇగ ఎవలన్న అననీ."

సరిత ఇటు తిరిగింది. తల్లి మొహం చూసింది. చాలాసేపు చూసింది. అప్పుడు నాకు అర్థమైంది. ఇంతకాలం అమ్మకు తెలిసే దాచిందనుకుంది ఆ పిల్ల. అమ్మకు ఏమీ తెలియదని ఈరోజే తెలుసుకుంది.

"ఆఖరిది ఇంకోసారి సదువు బిడ్డా" అంది పెంటమ్మక్క. నేను పేపర్ మడవబోయాను. సరిత లేచి వచ్చి నా చేతిలోంచి పేపర్ తీసుకుని, "నేను చదువుత అమ్మా" అంది.

అందులో దూకడమే ఉంది. రాతప్రతిలో మూడు పేజీలు పట్టిన దూకడం. నేను కదల్లేకపోయాను.

సరిత ఆ పొద్దుటి ఘట్టం నుంచి మొదలుపెట్టింది. నేను నేర్పిన పద్ధతిలో, ఒక్కో మాట విడదీసి, పుస్తకంలో ఉన్నట్టు చదివింది. "తండ్రి గల్లీ మలుపు నుంచి వెనక్కి వచ్చాడు. కూతురు లేచి కుండలో నీళ్లు ముంచి ఇచ్చింది. నాయినా, మా కాలేజీలో మళ్లీ మీటింగ్ ఉంది, నువ్వే రావాలి అంది. తండ్రి నవ్వి సరేనన్నాడు."

"గట్ల కాదు బిడ్డా" అని పెంటమ్మక్క నా వైపు తిరిగింది. "నీళ్లు ఆయనే ముంచుకుండు. పిల్ల పండుకొని ఉండె. గక్కడ తప్పు రాసినవ్."

సరిత నా వైపు చూసింది.

"అవును పెంటమ్మక్కా. తప్పు రాసిన" అన్నాను.

సరిత ఆగలేదు. ఆ తండ్రి తువ్వాలు భుజాన వేసుకుని పనికి పోయాడు, నాలుగో అంతస్తు ఎక్కాడు, చెక్క జారింది. కాగితం మీద లేని వాక్యాలు ఒక్కటి కూడా తడబడలేదు. నేను పది సార్లు బట్టీ పట్టినదానికన్నా బాగా చదివింది.

వచ్చేటప్పుడు గడప దాకా వచ్చింది. లోపల తల్లి ముక్కు చీదుకుంటోంది. సరిత గొంతు తగ్గించి, "అమ్మకు నిజంగనే తెల్వదు అక్కా, నాయిన దుంకిండని. ఎన్నడు చెప్పకు" అంది.

"సరితా, ఆయన దుంకలే."

"నాకు చెప్పకు అక్కా. నువ్వే రాసినవ్ గద." తలుపు దగ్గరికి వేసింది.

మార్చి 5

ఇంటర్ పరీక్షలు మొదలయ్యాయి. సరిత నారాయణగూడలో సెంటర్‌కు వెళ్లిందట. అన్నం తింటోందట, తల దువ్వుకుంటోందట, అమ్మతో మాట్లాడుతోందట. రాత్రిళ్లు మాత్రం ఆ తువ్వాలు దగ్గర పెట్టుకుని పడుకుంటోందట. నా గదికి మళ్లీ రాలేదు. గ్రామర్ పుస్తకం తల్లితో తిరిగి పంపింది.

"నీ కథ ఇన్నంకనే పిల్ల కుదుటవడ్డది" అంది పెంటమ్మక్క. "నీ పుణ్యం బిడ్డా." అందరి ముందూ నా ప్లేటులో రెండు చపాతీలు ఎక్కువ వేసింది. సంజన తల ఎత్తి నా వైపు చూసింది.

వద్దనలేకపోయాను. రెండూ తిన్నాను.